కింద కూర్చున్న మనిషి

ఎనభై నాలుగో సంవత్సరం వానకాలంలో మా ఇంట్లో జరిగినదంతా నేను సండాసు కావాలని అడగడంతోనే మొదలైంది. అడగడం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. సంగారెడ్డిలో, సండాసున్న ఇంట్లో పుట్టి పెరిగిన దాన్ని. పెళ్లయి జహీరాబాదుకొచ్చాక మూడేళ్లు చీకటితోనే లేచి, చెంబు పట్టుకుని రైలు కట్ట పక్క తుమ్మల్లోకి పోయాను. ఒకరోజు అక్కడ పాము కనబడింది. ఇంకోరోజు పొదల వెనక నిలబడి చూస్తున్న మగవాడొకడు కనబడ్డాడు. పామే నయం. ఆ రోజు ఇంటికొచ్చి చెంబు నేలకేసి కొట్టాను.

"సండాస్ కట్టిస్తరా, నన్ను సంగారెడ్డి బస్సెక్కిస్తరా?"

మా ఆయన పేరు జగన్‌మోహన్. ఊళ్లలో మురుగు మోరీలు, సండాసులు కట్టించే ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు. కోహీర్, న్యాల్‌కల్, రాయికోడ్ చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరిగి, బయటికి పోతే రోగాలొస్తాయని జనానికి చెప్పి రావడం ఆయన ఉద్యోగం. పగలంతా అది చెప్పి వచ్చి, తెల్లారి తనే చెంబు పట్టుకుని బయల్దేరేవాడు. నేను నవ్వితే ముఖం మాడ్చుకునేవాడు.

ఆ రోజు మాత్రం కాసేపు ఆలోచించి, చిటికె వేశాడు.

"తవ్వుడు గివ్వుడు ఎందుకే? మనింట్ల పాతరుంది గద!"

మా వైపు పాత ఇళ్లలో జొన్నలు దాచుకోవడానికి నేల కింద తవ్విన గొయ్యే పాతర. పైన మనిషి దిగేంత మూతి, లోపల ఒక గదంత జాగా. రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నలు దాచేవాళ్లు లేక పాతరలన్నీ మూతపడి ఉన్నాయి. మా గల్లీలో పదకొండు ఇళ్లకు పదకొండు పాతరలు. వాటిని సెప్టిక్ ట్యాంకులు చేసేస్తే తవ్వకం ఖర్చే ఉండదని ఆయన లెక్క. ముందు మా ఇంట్లో చేసి చూపిస్తే పెద్దాఫీసరు వచ్చి చూస్తాడు, గల్లీ అంతా మంజూరు చేస్తాడు, తన ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. అన్నీ ఒక్క చిటికెలో తేలిపోయాయి.

మేస్త్రీ సాయన్న వచ్చి పెరట్లో పాతర మూతి తెరిచాడు. దిగేముందు వెలిగించిన లాంతరు, అంటే కందిలి, తాడుకు కట్టి వదిలి చూడటం ఇక్కడ అలవాటు. కందిలి రెండు గజాలు దిగి ఆరిపోయింది. మళ్లీ ముట్టించి వదిలితే మళ్లీ ఆరిపోయింది.

"సారూ, లోపట గాలి మంచిగ లేదు. నాల్రోజులు మూత తీసి పెట్టి, దిగి గోడలు సూసినంకనే పైపేద్దం" అన్నాడు సాయన్న.

"సూసేదేముందే సాయన్నా? మా తాత తవ్విచ్చిన పాతర, రాయి లెక్కుంటది. ఫికర్ జెయ్యకు."

ఎవరూ దిగలేదు. పైపు వేసి, పైన గది కట్టేశారు. స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు, బర్రెను కడిగిన నీళ్లు కూడా అందులోకే మళ్లించారు. మృగశిర కార్తెకు అంతా తయారైంది. తలుపు గడియ వేసుకుని లోపల కూర్చున్న మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. నవ్వేవాళ్లు మూడేళ్లు తుమ్మల్లోకి పోయి వచ్చి నవ్వండి.

మా ఇంటి గోడకు అవతల పెద్దత్త ఉండేది. పేరు బస్వమ్మ. మా మామగారి అన్న శరణప్ప భార్య. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టి రెండు చేసుకున్నారు. ఇద్దరూ పోయారు. పెద్దత్తకు పిల్లలు లేరు. మా ఆయన చిన్నతనంలోనే మా అత్త పోతే ఆయనను పెంచింది ఈమే. మోకాళ్లు పట్టేసి వాకిలి దాటలేకపోయేది. చెవుడు కూడా, పక్కన నిలబడి అరిస్తే తప్ప వినబడదు. రెండు పూటలా నేనే రొట్టె, పప్పు తీసుకుపోయి పెట్టేదాన్ని.

ఆషాఢంలో ఒక పొద్దున నేను పళ్లెం పెడుతుంటే మామూలుగా అంది.

"కోడలా, మీ పెద్దమామ కాడికి నీళ్లొచ్చినయంట. కాళ్లు తడిసినయంటుండు."

పెద్దమామ పోయి అప్పటికి పన్నెండేళ్లు. నేను ఆయన మొహం కూడా చూడలేదు.

"యాడున్నడు పెద్దమామ?" అని చెవిలో అరిచాను.

"యాడుంటడే? కూసోవెట్టి వొచ్చిన కాడ్నే ఉన్నడు."

మేం లింగాయతులం. పోయినవాళ్లను పడుకోబెట్టం. గొయ్యిలో కూర్చోబెట్టి, విభూతి నింపి సమాధి చేస్తాం. పెద్దమామ సమాధి కోహీర్ దారిలో, మా పొలంలోనే ఉంది. ఇంటికి రెండు మైళ్లు.

"మోహన్‌ను జర పొలం దాంక పోయి సూసి రమ్మను బిడ్డా. ఆయనకు సలి పడదు" అంది పెద్దత్త.

మా ఆయనకు చెప్తే నవ్వాడు. ముసలితనం అన్నాడు. వానలు తగ్గినంక పోత అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. మోకాలి లోతు బురదలో రెండు మైళ్లు నడిచి, పోయినవాడి కాళ్లు తడిశాయా లేదా అని చూసి రమ్మని మొగుణ్ని పంపే ఇల్లాలు ఎవరుంటారు?

పది రోజులకు నీళ్లు తొడల మీదికి వచ్చాయంది. శ్రావణంలో బొడ్డు దాకా అంది. ఏడవదు, భయపడదు. బావిలో నీళ్లెంత ఉన్నాయో చెప్పినట్టు చెప్పేది. ఒక్కోరోజు ఇంకా వింత మాటలు కూడా చెప్పేది.

"తెల్లారంగనే మొకం కడుక్కుంటుండు. గుడగుడ పుక్కిలిస్తడు. పొద్దూకంగ ఇంకోపాలి. నడుమ నడుమ గోడకు గుద్దుతడు."

"సచ్చినా సుబ్బరం ఇడువలేదన్నట్టు!" అని నేను పైకి నవ్వేదాన్ని. గోడకు గుద్దుతాడన్న మాట మాత్రం నచ్చలేదు. ఆ మధ్య మా ఆయన ట్యాంకు మూత తీసి కట్టె పెట్టి చూస్తే అడుగున బెత్తెడు నీళ్లు కూడా లేవు. ఇంటిల్లిపాది నీళ్లు, పెరటి వాన నీళ్లు అందులోకే పోతున్నా నిండలేదు. నేలే తాగేస్తోందని ఆయన ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడు. ఇటు తాగుతున్న నేల, అటు నీళ్లంటున్న ముసలమ్మ. రెండూ ఒకేసారి నా మనసులోకి రాకపోవడం నా మొద్దుతనం.

నాగపంచమి దాటిన రెండు రోజులకు నేను పెద్దత్త లోపలి గదిలో ఆమెకు తల దువ్వుతున్నాను. మంచం పక్కన నేల మీదే కూర్చుని ఉందామె. గోడకు అవతల మా ఆయన సండాసులోకి పోయిన చప్పుడు, గడియ పడిన చప్పుడు నాకు వినబడింది. కాసేపటికి బకెట్టు కుమ్మరించిన చప్పుడు.

పెద్దత్త వేలెత్తింది. "అగో. కడుక్కుంటుండు."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

చెవిటి మనిషి. నేను అరిచినా సగమే వినబడే మనిషి. దువ్వెన పడేసి, మంచం కింద ఉన్న షాబాదు బండ మీద అరచెయ్యి పెట్టాను. బండ సన్నగా అదురుతోంది. కింద ఎక్కడో గుడగుడమంది. తరువాత దబ్బుమని ఏదో నీళ్లలో పడింది. కాస్త ఆగి మళ్లీ దబ్బుమంది.

"నీకెట్ల ఇనవడ్తది పెద్దత్తా?"

"చెవులతోని గాదే. ఒంట్లె బొక్కలతోని ఇంట. పండుకుంటె బండకెల్లి వొస్తది."

"ఈ బండ కిందేముంది?"

"పాతర. మీ దిక్కు, మా దిక్కు ఒక్కటే పాతర. పంచుకున్ననాడు నడుమ మట్టిగోడ వెట్టిన్రు అన్నదమ్ములు. పెద్దోడని ఈయనకు లోతు దిక్కు ఇచ్చిన్రు."

ఇంకేం చెప్పనవసరం లేకపోయింది. మా ఇంటి మురుగు ఆ మట్టిగోడను నానబెట్టి, కిందనుంచి తొలిచి, లోతున్న పెద్దత్త వైపు చేరుతోంది. మట్టిగడ్డలు విరిగి పడుతుంటే ఆమెకు మొగుడు గోడకు గుద్దుతున్నట్టుంది. పొద్దున పొద్దున ఆయన ముఖం కడుక్కోవడమంటే ఏమిటో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ సిగ్గులోనే కొంచెం ధైర్యం కూడా వచ్చింది. దయ్యం కాదు, మా ట్యాంకే అని.

ఆ సాయంత్రం మా ఆయనను కూర్చోబెట్టి చెప్పాను.

"సోమవారం పెద్దాఫీసరు ఇంద్రసేన సార్ వొస్తుండు. నాల్రోజులు ఓపిక పట్టు మనోరమా. సార్ సూసి పోయినంక నేనే మూసేపిస్త."

"ఆమె మంచం కిందనే ఉన్నయి మన నీళ్లు. గాలి మంచిగ లేదన్నడు సాయన్న. ఆమెకేమన్న అయితే?"

"నాల్రోజులల్ల ఏమైతదే? బండ మూసే ఉన్నది గద."

ఇక్కడ ఆయనొక్కణ్నే తప్పు పట్టి తప్పించుకోలేను. మరుసటి రోజు తెల్లవారుజామున వాన కురుస్తోంది. మళ్లీ తుమ్మల్లోకి పోవడానికి నా ప్రాణం ఒప్పలేదు. నాలుగు రోజులే కదా అనుకుని, నేనూ చెంబు పట్టుకుని ఆ గదిలోకే పోయాను. ఆ నీళ్లు ఎటు పోతాయో తెలుసు. అయినా పోశాను.

పెద్దత్తకు మాత్రం నిజం చెప్పేశాను. చెవిలో అరిచి మరీ చెప్పాను.

"పెద్దమామ కాదు. అవి మా నీళ్లు. మా సండాస్ నీళ్లు!"

ఆమె నన్ను జాలిగా చూసింది.

"నీళ్లు మీయే కావొచ్చు. కూసున్నది ఆయననే. కింద భూమంత ఒక్కటే బిడ్డా. పోయి సూసిరాన్రి అంటె ఒక్కలు పోరైతిరి. ఇయ్యాల రొమ్ము దాంక వొచ్చినయి."

సోమవారం మధ్యాహ్నం ఇంద్రసేన గారు జీపులో వచ్చారు. తెల్ల చొక్కా, మంచి మనిషి. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మబ్బు కమ్ముకుని పన్నెండింటికే పొద్దుగూకినట్టుంది. మా ఆయన కాగితాలు విప్పి పాతరల సంగతి చెప్తున్నాడు. నేను చాయ్ ఇచ్చి, పెద్దత్త పళ్లెం పట్టుకుని అటు పోయాను. పొద్దున రొట్టె పెట్టినప్పుడు ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. అది నన్ను పొద్దుటినుంచీ పీకుతోంది.

లోపలి గదిలో మంచం పక్కకు జరిపి ఉంది. పెద్దత్త గడ్డపారతో బండను మీటి తీసింది. డెబ్బై ఏళ్ల మనిషి, నిలబడలేని మనిషి, ఎలా తీసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మూతి అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, తాడు కట్టిన కందిలిని మెల్లగా కిందికి వదులుతోంది. గది నిండా మురుగు వాసన. ఆమె కొత్త చీర కట్టుకుని, నుదుటి నిండా విభూతి పెట్టుకుని ఉంది.

"పెద్దత్తా! ఏం జేస్తున్నవే?"

నా వైపు తిరగలేదు. నేను చూస్తుండగానే కందిలి ఆరిపోయింది. ఆమె నవ్వింది. సిగ్గుపడుతున్న కొత్తకోడలు నవ్వే నవ్వది.

"ఊదిండు. ఎల్తురు పడదు ఆయనకు."

"ఇటు రా. నా చెయ్యి పట్టుకో."

"పొలం దాంక మీరు పోలే. నేను నడువలేను. గందుకే గిట్లకెళ్లి పోత. ముక్కు మునిగినంక పోయి ఏం ఫాయిద?"

అని రెండు చేతులూ అంచు మీద ఆనించి ముందుకు జరిగింది. పళ్లెం ఎక్కడ పడేశానో తెలియదు. వెనకనుంచి ఆమె చంకల కింద చేతులు దూర్చి పట్టుకున్నాను. ఎముకల గూడు అనుకున్న మనిషి, నన్ను కూడా లాక్కుపోయేంత బరువుంది. కింద ఎవరో పట్టి లాగుతున్నంత బరువు. అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే గోడ అవతల కుర్చీ పడిన చప్పుడు వినబడింది.

మా ఆయన వచ్చి లాగాడు. ముగ్గురం నేల మీద పడ్డాం. ఇంద్రసేన గారు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని మూతి దగ్గరికొచ్చి, లోపలికి చూశారు. అప్పుడే లోపల మట్టిగోడ ఇంకో పెద్ద ముక్క విరిగి పడింది. ఆ నల్లటి నీళ్ల చప్పుడు ఆయన కూడా విన్నారు. ఒకడుగు వెనక్కి వేశారు.

"ఈ పాతర్ల మురుగు ఇడుద్దమని ఎవరికి తోచింది జగన్‌మోహన్?"

మా ఆయన పెద్దత్త పాదాలు ఒడిలో పెట్టుకుని తుడుస్తున్నాడు.

"సండాస్ కావాల్నని నేనే అడిగిన సార్" అన్నాను.

ఆయన కాగితాలు జీపులో వేసుకుని వెళ్లిపోయారు. గల్లీలో పాతరల పథకం అంతటితో ఆగింది. పర్మినెంటు కూడా ఆగింది. నెల రోజుల్లో మురుగంతా తోడించి, రెండు వైపులా మొరంతో, అంటే గట్టి గులక మట్టితో, పూడ్పించాం. సాయన్న పెరటి చివర, బావికి దూరంగా, రెండు అరల ట్యాంకు కొత్తగా తవ్వి సిమెంటుతో కట్టాడు. ఈసారి దిగి, నాలుగు గోడలూ చేత్తో తడిమి చూశాకే పైపు వేశాడు. ఆ ట్యాంకు ఇప్పటికీ పని చేస్తోంది.

పెద్దత్తను మా ఇంట్లోకి తెచ్చుకున్నాం. ప్రాణం దక్కించానని నాకు లోలోపల గర్వంగానే ఉండేది. కానీ ఆమె మాట్లాడటం మానేసింది. బతుకమ్మ రోజులు వచ్చాయి, పోయాయి. నేనే ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"ఇప్పుడేమంటుండు పెద్దమామ?"

"ఏమంటడు? మునిగినోడు ఏమంటడు?"

"నీళ్లన్ని తోడేసినం పెద్దత్తా. ఒక్క చుక్క లేదు. మొత్తం ఎండిపోయింది."

ఆమె అటు తిరిగి పడుకుంది. చెప్పినా అర్థం కాని మనిషితో ఇంకేం మాట్లాడతారు ఎవరైనా?

దీపావళి వెళ్లిన వారానికి నిద్రలోనే పోయింది.

పొలంలో పెద్దమామ పక్కనే ఆమెకు సమాధి. పొద్దున్నే సాయన్న ఇద్దరు మనుషులతో తవ్వడం మొదలుపెట్టాడు. అయ్యగారు సంగయ్య గట్టు మీద కూర్చుని మంత్రం చదువుతున్నారు. పెళ్లయి వచ్చాక పెద్దమామ సమాధికి నేను పోవడం అదే మొదలు. పక్క పొలంవాడు ఆ యేడు కొత్తగా చెరుకు వేశాడు. నీళ్ల కాలువ మా గట్టుకు ఆనుకునే తీశాడు. ఎప్పుడు తీశావని అడిగితే మృగశిరలో అన్నాడు.

నడుము లోతు తవ్వేసరికి పెద్దమామ వైపు మట్టి పెళ్ల జారింది. దాని వెంట నీళ్లొచ్చాయి. సాయన్న చేతిలో పార ఆగింది. వంగి, ఆ సందులోకి చెయ్యి పెట్టి చూసి, తలెత్తి నా వైపు చూశాడు. మా ఆయన వైపు చూడలేదు.

"అమ్మా, పెద్దపటేల్ సమాధిల నీళ్లున్నయి."

"ఎంతున్నయి?"

సాయన్న ఆ గొయ్యిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తన తల పైన చెయ్యి పెట్టి చూపించాడు.

"కూసున్న మనిషి మునుగుతడమ్మా."

మా ఆయన గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. కాళ్లు చల్లబడ్డాయి. కాళ్లు, తొడలు, బొడ్డు, రొమ్ము, గొంతు. రోజూ పళ్లెం ముందు కూర్చుని ఆమె చెప్పిందంతా వరసగా చెవుల్లో తిరిగింది.

"ఇద్దర్ని పైన మొరం దిక్కు కూసోవెడదం" అన్నాను. "పెద్దమామను గూడ."

"కూసోవెట్టినోన్ని కదిలిచ్చే ఆచారం లేదమ్మా" అన్నారు సంగయ్య గారు.

"నీళ్లల్ల కూసోవెట్టే ఆచారం ఉన్నదా అయ్యా?"

ఆయన రుద్రాక్షలు తీసి మా ఆయన చేతికిచ్చి, ధోవతి ఎగగట్టి, తనే దిగారు. కాలువకు అడ్డం వేసి, నీళ్లు తోడి, పెద్దమామను తెల్లబట్టలో పైకి తెచ్చి, పొలం ఎత్తు మీద పొడి మొరంలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, విభూతి నింపి, మట్టి పోసి, కాళ్లు కడుక్కునేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. మొత్తం ఒక్క పూట పని. ఆషాఢంలో ఆమె అడిగిన రోజే పోయి ఉన్నా అంతే పట్టేది.